సదరం పునఃపరిశీలనలో దివ్యాంగుల పింఛను పోతే అప్పీలు చేసుకోవడం ఎలా? తుళ్లూరు మండల రైతులకు సూచనలు

ఎన్టీఆర్ భరోసా పథకం కింద 2024 జులై నుంచి దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికి లేదా చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 15,000 రూపాయలు పింఛను ఇస్తున్నారు. నెలకు 6,000 అంటే ఏడాదికి 72,000. మిరప ధర పడిపోయిన ఏడాది, రెండెకరాలు కౌలుకు చేసే ఇంట్లో అప్పు పెరగకుండా ఆపేది చాలాసార్లు ఈ సొమ్మే.

2025 జనవరి నుంచి ప్రభుత్వం వైద్య బృందాలతో ఈ పింఛన్లను తిరిగి పరిశీలింపజేసింది. ఆగస్టులో రాష్ట్రమంతటా చాలామందికి నోటీసులు అందాయి. ఇలాంటి నోటీసు వచ్చినవారు ఏం చేయాలి, దేని గురించి పోరాడాలి, ఎక్కడ అప్పీలు వల్ల లాభం లేదు అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

ముందుగా నోటీసు పూర్తిగా చదవండి

చదవడం రాకపోతే సచివాలయంలో చదివించుకోండి. నోటీసులో కారణం ఒకే రకంగా ఉండదు. వైకల్యం 40 శాతం కంటే తక్కువ అని ఉండవచ్చు. వైకల్యం తాత్కాలికం అని ఉండవచ్చు. లేదా 15,000 నుంచి 6,000కు మార్చినట్లు ఉండవచ్చు. 60 ఏళ్లు దాటినవారికి దివ్యాంగుల పింఛను తీసేసి 4,000 రూపాయల వృద్ధాప్య పింఛనుగా మార్చిన సందర్భాలూ ఉన్నాయి. కారణాన్ని బట్టే మీ అప్పీలు ఉండాలి.

రాజధాని గ్రామాల్లో భూమిలేని పేదలకు సీఆర్‌డీఏ ఇచ్చే పింఛను వేరు, ఇది వేరు. నోటీసు మీద ఉన్న పింఛను ఐడీ చూసి, ఏ పింఛను గురించి వచ్చిందో తేల్చుకోండి.

గడువు 30 రోజులు

నోటీసు అందిన రోజు నుంచి 30 రోజుల్లోగా గ్రామాల్లోనివారు ఎంపీడీవోకు, పట్టణాల్లోనివారు మున్సిపల్ కమిషనర్‌కు అప్పీలు ఇవ్వాలని చెప్పారు. ఈ నోటీసులు సరిగ్గా మిరప నాట్లు, పత్తికి మందు కొట్టే రోజుల్లో వచ్చాయి. 'ఈ పని అయ్యాక వెళ్దాంలే' అనుకుంటే నెల ఇట్టే గడిచిపోతుంది. నోటీసు చేతికి అందిన తేదీని దాని మీదే రాసి పెట్టుకోండి. అర్జీ ఇచ్చినప్పుడు రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేకపోతే, గడువులోగా ఇచ్చామని తర్వాత చెప్పినా రుజువు ఉండదు. అప్పీలు పెట్టుకున్నవారికి తిరిగి పరీక్ష తేలేదాకా పింఛను ఆపబోమని అప్పట్లో ప్రభుత్వం చెప్పింది. ఆ నెలల డబ్బు రాకపోతే ఈ ముద్ర ఉన్న ప్రతే చూపించాలి.

గడువు దాటిపోయినా ఊరుకోవద్దు. ఆలస్యానికి కారణం (ఆసుపత్రిలో ఉండటం, నోటీసు ఆలస్యంగా అందడం) రాసి అర్జీ ఇవ్వండి.

అర్జీలో ఏం రాయాలి?

చాలామంది 'నేను పేదవాణ్ని, పిల్లలు చూడటం లేదు, దయచేసి పింఛను ఇప్పించండి' అని రాస్తారు. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ నోటీసు వచ్చింది మీ పేదరికం మీద కాదు, వైకల్య శాతం మీద. కాబట్టి కొలతలో ఏది తప్పిందో అదే రాయాలి. ఉదాహరణకు: 'నాకు కుడి కాలు పోలియోతో పాటు రెండు చెవులూ సరిగా వినపడవు. పరీక్షలో కాలు మాత్రమే చూశారు. వినికిడి కూడా పరీక్షించి శాతం తిరిగి లెక్కించాలని కోరుతున్నాను.' ఇలా నాలుగు వాక్యాలు చాలు. దీనికి నోటీసు, పాత సదరం సర్టిఫికెట్, కొత్తది ఇచ్చి ఉంటే అది, ఆధార్, ఆసుపత్రి కాగితాల జిరాక్సులు జత చేయండి. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వవద్దు.

రెండు వైకల్యాలు ఉన్నవారు ఈ లెక్క తప్పక తెలుసుకోవాలి. రెండు శాతాలను నేరుగా కలపరు. 90 నుంచి పెద్ద శాతాన్ని తీసేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. కాలికి 35, చెవికి 20 శాతం వచ్చిందనుకోండి. 90లో 35 పోతే 55. దాన్ని 20తో గుణించి 90తో భాగిస్తే సుమారు 12. మొత్తం 47 శాతం. కాలు ఒక్కటే చూస్తే పింఛను పోతుంది, రెండూ చూస్తే నిలుస్తుంది.

తిరిగి పరీక్షకు వెళ్లేటప్పుడు

ఏ ఆసుపత్రికి, ఏ రోజు రమ్మని పిలుపు వస్తే అక్కడికే, ఆ రోజే వెళ్లండి. మంచం మీద నుంచి లేవలేని మనిషి అయితే ఇంటి దగ్గరే పరీక్షించమని ముందుగానే రాతపూర్వకంగా అడగండి.

మన రైతులకు ఒక అలవాటు ఉంది. డాక్టర్ 'పని చేసుకోగలవా?' అంటే 'ఏదో చేసుకుంటున్నానండీ' అంటారు. గట్టు మీద కూర్చుని కూలీలకు పని చెప్పడం, పంపు వీపున వేసుకుని మందు కొట్టడం ఒకటి కాదు. చేయలేనిది చేయలేనని స్పష్టంగా చెప్పండి. అలాగని లేని నొప్పి నటించవద్దు. కీలు ఎంత వంగుతుంది, కండరానికి ఎంత బలం ఉందన్నది వాళ్లు కొలిచి చూస్తారు. చెవి విషయంలో మీ జవాబుల మీద అనుమానం వస్తే, జవాబుతో పని లేని బెరా పరీక్ష చేయిస్తారు. ఆపరేషన్ అయినప్పటి డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల చీటీలు తీసుకెళ్లండి. మానసిక సమస్య ఉన్నవారి వెంట, రోజూ దగ్గరుండి చూసుకునే మనిషే వెళ్లాలి.

అప్పీలు వల్ల ఫలితం లేని సందర్భాలు

ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను బాగుంటే నిబంధనల ప్రకారం వైకల్యం 30 శాతమే. ఎన్నిసార్లు పరీక్షించినా 40 రాదు. రెండో కంటి చూపు కూడా తగ్గి ఉంటేనే అప్పీలు చేయండి. అర్హత లేనివారు 60 ఏళ్లు దాటితే వృద్ధాప్య పింఛనుకు, భర్త లేనివారైతే వితంతు పింఛనుకు సచివాలయంలో దరఖాస్తు చేసుకోవడం మేలు. రెండింటికీ నెలకు 4,000 ఇస్తున్నారు.

శాతం పెంచి ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారులను నమ్మవద్దు. మోసంతో దివ్యాంగుల ప్రయోజనం పొందితే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. కేసు పడేది దళారి మీద కాదు, మీ మీద.

అప్పీలులోనూ కాదంటే

వైకల్య సర్టిఫికెట్ మీద పై అధికారికి అప్పీలు చేసుకునే హక్కు అదే చట్టం 59వ సెక్షన్‌లో ఉంది. సోమవారం గుంటూరు కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. 1100 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. మీ శాతం ఎలా లెక్కించారో తెలియకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ కాగితాల నకళ్లు అడగండి. మండల కార్యాలయంలో దరఖాస్తు రుసుము 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి.

హైకోర్టు మన మండలంలోని నేలపాడులోనే ఉన్నా, లాయరు ఖర్చుకు భయపడి చాలామంది ఆ వైపు చూడరు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఇందుకు గుంటూరు కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు నోటీసు, ముద్ర ఉన్న అర్జీ ప్రతి, రెండు సర్టిఫికెట్లు వెంట తీసుకెళ్లండి.