గడ్డిమంట, ఓవెన్, మూసిన తలుపు: రుద్రూర్‌లో పంది మాంసం చరిత్ర

మొన్నటి దసరాకు రుద్రూర్‌లో మా అక్క ఇంట్ల అందరం కలిసినం. హైదరాబాద్‌ల హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, వంటపనిల చేరిన మా మేనల్లుడు చిన్న ఓవెన్ ఒకటి వెంట తెచ్చిండు. రెండు కిలోల పంది తొడ ముక్క, తోలుతో సహా. ముందురోజు రాత్రే తోలు మీద కత్తితో గాట్లు పెట్టి, తడి లేకుండా తుడిచి, ఉప్పు రుద్ది పెట్టిండు. తెల్లారి మాంసం వైపు అల్లం, ఎల్లిపాయ, మిర్యాలు పట్టించి, మొదట 220 డిగ్రీల వేడిల అరగంట, తర్వాత 170కి తగ్గించి రెండు గంటలు కాల్చిండు. లోపల 71 డిగ్రీలు దాటిందని సూది థర్మామీటర్ గుచ్చి చూసి, బయటికి తీసి, ఇరవై నిమిషాలు ఆగినంక కోసిండు.

తోలు అప్పడం లెక్క పలుకుతున్నది. మా అమ్మ ఒక ముక్క నోట్లె ఏసుకొని, "గిది మనం గడ్డిల కాల్చిన తోలే గదరా. దీనికి గీ డబ్బా ఎందుకు?" అన్నది.

అందరం నవ్వినం. అదే సమయంల మా అక్క లేచిపోయి వీధి తలుపు దగ్గరికేసి వచ్చింది. ఇప్పుడు వాళ్లుండేది వాడల కాదు, రోడ్డు పక్క కిరాయి ఇంట్ల. మేనల్లుడు అడిగిండు: "అమ్మా, మా హోటల్ల దీన్ని అందరికి కనబడేటట్టు పెట్టి అమ్ముతరు. మనమెందుకు తలుపేసుకోవాలె?"

ఎవ్వరం జవాబు చెప్పలేదు. ఆ జవాబు కోసమే ఈ వ్యాసం.

గడ్డిమంట

మన వాడల్లో పందిని కోసే పద్ధతి తెలియనివాళ్ల కోసం కొంత చెప్పాలి. పందిని కోసినంక తోలు వలవరు. వరిగడ్డి పరిచి, పైన గడ్డి కప్పి మంట పెడతరు. వెంట్రుక కాలిపోయి తోలు ఎర్రబారుతది. మొద్దు కత్తితో గీకుతరు, మళ్లా కాలుస్తరు, పసుపు నీళ్లతో కడుగుతరు. అప్పుడే కోత. తోలు, కొవ్వు, మాంసం మూడూ కలిసి ఉన్న ముక్కకే విలువ. కార్జం అక్కడే నిప్పుల మీద కాల్చి పిల్లల చేతుల్లో పెడతరు. కూరకు నూనె అక్కరలేదు, ఆ కొవ్వే కరిగి నూనె అయితది. మాంసంలో బియ్యపు గింజల్లాంటి తెల్లటి బుడగలు కనబడితే ఆ పందిని తినరు. అవి బద్దెపురుగు తిత్తులని పుస్తకం చెప్పక ముందే ఈ తనిఖీ వాడలో ఉంది.

తర్వాత మోదుగాకుల మీద పోగులు. పైసలు కలిపిన ఇండ్లు ఎన్నో పోగులు అన్ని. ప్రతి పోగులో తోలు ముక్క పడాలి, ప్రతి పోగులో ఎముక పడాలి. తక్కువ పడ్డదని గొడవలు కూడా అయ్యేవి. అయినా ఆ కొలతకు పటేల్ అవసరం రాలేదు.

కాలువ కింది ఊరు

మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసింది. ఆ కాలువ కిందికి నీళ్లు రావడంతో బోధన్, వర్ని, రుద్రూర్ ప్రాంతాల భూమి తీరే మారిపోయింది. వరి వచ్చింది, చెరుకు వచ్చింది. కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నరు. బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. 2015 డిసెంబర్‌లో మూతపడింది. రుద్రూర్‌లో చెరుకు, వరి పరిశోధనా కేంద్రం వచ్చింది. 2016లో రుద్రూర్ మండలం కూడా అయింది. ప్రాజెక్టు చరిత్రలో ఇంజనీర్ల పేర్లున్నయి, ఎకరాల లెక్కలున్నయి. నాట్లేసిన, చెరుకు నరికిన వాడల తిండి గురించి ఒక్క ముక్క లేదు.

ఆ తిండిలో ఒక తేడా గుర్తించాలి. చచ్చిన గొడ్డు మాంసం వాడకు వెట్టితో ముడిపడి వచ్చింది. గొడ్డును మోసి, తోలు తీసి, దొరకు చెప్పులు కుట్టి ఇస్తే మిగిలేది అది. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన పశువు మాంసం మానమని పిలుపునిచ్చింది ఆ బంధనాన్ని తెంపడానికే. పంది అట్లా రాలేదు. కూలి పైసలు కలిపి ఎరుకలవాళ్ల దగ్గర కొన్నది, బతికున్నదాన్ని కోసుకున్నది. అది ఎవరి దయా కాదు. పటేల్ ఇచ్చింది ఏమన్నా ఉంటే ఆయన కల్లంలోని గడ్డి. అది కూడా అడిగి తెచ్చుకున్నదే.

వరాహం – పంది

అగ్రకులాలకు పంది అంటేనే రోత అని చెప్పడం సగం అబద్ధం. కాకతీయుల రాజచిహ్నం వరాహం. విజయనగరం బంగారు నాణెం పేరు వరహా. విష్ణువు అవతారాల్లో ఒకటి వరాహం. దొరలు, దేశ్‌ముఖ్‌లు తుపాకులతో అడవి పందిని కొట్టి తెచ్చి ఘనంగా వండించుకున్నరు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చినంకనే ఆ వేటకు అడ్డు పడింది. వేటాడి తింటే వీరత్వం, పెంచి తింటే నీచత్వం అయింది. మాంసం ఒక్కటే, చేతులే వేరు.

ఇస్లాంలో పంది నిషిద్ధం. బోధన్ ప్రాంతంలో మన పక్కనే బతికిన ముస్లిం పేదలు అందుకే తినరు. తిననివాళ్లు తినకపోవడం వేరు, తినేవాళ్లను ఊరి బయట పెట్టడం వేరు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవాళ్లతో మనం జాగ్రత్తగా ఉండాలి.

బట్లర్ వంటగది

మేనల్లుడు చేసిన రోస్టు తెల్లవాళ్ల పద్ధతి. కానీ దాన్ని ఈ గడ్డ మీద వండినవాళ్లు ఎవరు? సికింద్రాబాద్ కంటోన్మెంట్ 1806లో ఏర్పడింది. అక్కడా, మద్రాసు రాజధానిలోనూ తెల్ల అధికారుల వంటిండ్లలో గొడ్డు మాంసం, పంది మాంసం రెండూ ముట్టుకోగలిగిన వంటవాళ్లు కావాలి. సవర్ణులు ఒకటి ముట్టరు, ముస్లింలు రెండోది ముట్టరు. అందుకే బట్లర్లలో, వంటవాళ్లలో అంటరాని కులాలవాళ్లు పెద్ద సంఖ్యలో చేరిన్రు. ఇనుప పొయ్యిలు లేనిచోట కుండ కింద బొగ్గులు, మూత మీద బొగ్గులు పెట్టి పైనా కిందా సమంగా కాల్చిన్రు. 1878లో మద్రాసులో కల్నల్ కెన్నీ-హెర్బర్ట్ రాసిన ప్రసిద్ధ వంట పుస్తకంలో ఈ వంటవాడికి సొంత పేరు లేదు. అందరినీ కలిపి 'రామసామి' అన్నడు. దొర పేరు పుస్తకం మీద నిలిచింది, నిప్పు తెలిసినవాడి పేరు పోయింది.

ఇంకో రకం పుస్తకాలున్నయి. 1909లో థర్స్టన్, 1920లో నిజాం రాజ్యం మీద సయ్యద్ సిరాజుల్ హసన్ కులాల వివరాలు రాసిన్రు. ఎవరు ఏం తింటరు, ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగుతరు అనే వివరాలతో కులాల హోదాను వర్ణించిన్రు. తిండి అచ్చులోకెక్కి కులానికి గుర్తుగా స్థిరపడింది. మా అక్క మూసిన తలుపు వెనక ఈ రాతలు కూడా ఉన్నయి.

మానుమన్నవాళ్లు, ఉండొద్దన్నవాళ్లు

మనవాళ్లే మానుమన్న చరిత్ర కూడా ఉంది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ (1888–1939) ఆది హిందూ ఉద్యమంలో కల్లు, సారా, జంతుబలి, మాంసం మానాలని ప్రచారం చేసిండు. దీన్ని వట్టి సంస్కృతీకరణ అని కొట్టిపారేయడం అన్యాయం. జోగిని ఆచారాన్ని ఎదిరించి, బడులు పెట్టిన మనిషి ఆయన. మనిషిగా గుర్తింపు కోసం ఆ తరం అందుబాటులో ఉన్న దారి పట్టుకుంది. అయితే మానినంత మాత్రాన ఊరు బావి దగ్గరికి రానిచ్చిందా? మా నాయన పదేండ్లు పంది ముట్టలేదు. ఆ పదేండ్లూ హోటల్‌లో ఆయన గ్లాసు వేరేగానే ఉంది.

ఇక పందిని పెంచిన ఎరుకలవాళ్లది మరో కథ. మద్రాసు రాజధానిలో నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే దొంగలన్నరు. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది. తెలంగాణలో వాళ్లకు షెడ్యూల్డు తెగల హక్కు 1976 చట్టం తర్వాతనే అందింది. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు వ్యాధి పిల్లల ప్రాణాలు తీసినప్పుడు నింద పందుల మీద పడింది. పందిలో ఆ వైరస్ పెరిగే మాట నిజం. పందిని దూరంగా, శుభ్రంగా పెంచాలన్న మాటా నిజమే. కానీ దాన్ని మోసే దోమ పుట్టేది వరి మడి నీళ్లలో. వరిని ఊరి బయటికి పంపమని ఎవరూ అనలేదు.

మన పని

2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ పండుగ చేసిన్రు. అదే ఏడు ఢిల్లీ జేఎన్‌యూలో బీఫ్, పోర్క్ పండుగ తలపెడితే హైకోర్టు ఆపింది. పక్క మరాఠ్వాడా దళితుల వంటల మీద షాహూ పాటోళె 2015లో మరాఠీలో పుస్తకమే రాసిండు. రుద్రూర్ నుంచి ఆ సరిహద్దు ఎంతో దూరం లేదు. మన వైపు ఆ పని ఇంకా మిగిలే ఉంది.

విద్యార్థులు, టీచర్లు ముందుగా తమ ఇంట్లోనే అడగాలి. పంది ఎవరి దగ్గర కొన్నరు, ఎంతకు కొన్నరు, గడ్డి ఎక్కడిది, పోగులు ఎవరేసిన్రు, గీకింది ఎవరు, కడిగింది ఎవరు, ఆడవాళ్లకు ఏ ముక్క మిగిలింది, ఎప్పుడు మానిన్రు, ఎందుకు మానిన్రు. ఎవరి ఇంట్లో ఎవరు వంటపనికి పోయిన్రో ఆ పేర్లు రాయాలి. తినడం ఇష్టం లేనివాళ్లను తినమనాల్సిన పని లేదు. తలుపు ఎప్పటి నుంచి మూసుకుంటున్నమో రాసుకుంటే చాలు.

మా అక్కను అడిగిన, తలుపెందుకేసినవని. "ఏమో, చెయ్యి దానంతట అదే పోయింది" అన్నది. ఆ చెయ్యికి అది ఎవరు నేర్పిన్రో చెప్పేదే మనం రాయాల్సిన చరిత్ర.