దొరికిందంతా రోగమేనా?

పోయిన ఏడాది మా నాన్న తన రక్తపరీక్ష రిపోర్టు వాట్సాప్‌లో పంపి, కింద ఒక్క ముక్క కూడా రాయలేదు. పీఎస్ఏ 7.2. ఫోన్ చేస్తే, "రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేస్తున్నాన్రా, అంతే" అన్నాడు. అమ్మ అడిగితే షుగరేమో అని చెప్పాడట. ప్రోస్టేట్‌ని తెలుగులో పౌరుష గ్రంథి అంటారు. అలాంటి పేరున్నదాని గురించి ఇంట్లో ఎవరు నోరు విప్పుతారు?

ఆ వారం నిద్రపట్టక, ఈ గ్రంథిలో క్యాన్సర్‌ని కనిపెట్టే పద్ధతుల చరిత్ర చదువుతూ కూర్చున్నాను. చదివేకొద్దీ ఒకటి అర్థమైంది. ఈ వందేళ్ల కథలో అసలు ప్రశ్నే మధ్యలో మారిపోయింది. 'ఎలా కనిపెట్టాలి?' అని మొదలై, 'దొరికినదాంట్లో ఏది ప్రమాదం?' దగ్గరికి వచ్చింది.

మొదటి సాధనం వేలు. డాక్టరు మలద్వారం గుండా తడిమి, గ్రంథి ఎక్కడైనా గట్టిపడిందేమో చూసేవాడు. 1904లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో హ్యూ హ్యాంప్టన్ యంగ్ క్యాన్సర్ ఉన్న గ్రంథిని పూర్తిగా తీసేసే ఆపరేషన్ చేశాడు. కానీ వేలికి తగిలేంత గడ్డ అంటే చాలామందికి అప్పటికే ఆలస్యం. 1938లో అలెగ్జాండర్ గట్‌మన్, ఎథెల్ గట్‌మన్ రక్తంలో యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పెరగడాన్ని గుర్తించారు. అదీ జబ్బు ఎముకలకి పాకినవాళ్లలోనే.

ఈ రెండింటి మధ్య, 1935లో, అదే హాప్కిన్స్‌లో ఆర్నాల్డ్ రిచ్ ఇంకో సంగతి బయటపెట్టాడు. యాభై దాటిన 292 మంది మగవాళ్ల శవపరీక్షల్లో 14 శాతం మందికి ఈ క్యాన్సర్ కనిపించింది. వాళ్లలో చాలామందికి అది ఉందని బతికుండగా ఎవరికీ తెలియదు. అంటే జబ్బుతో పోవడం వేరు, జబ్బుని వెంటబెట్టుకుని ఇంకో కారణంతో పోవడం వేరు. అప్పటికి ముందుగా కనిపెట్టే దారే లేదు కాబట్టి ఆ తేడాతో పెద్దగా పని పడలేదు.

పని పీఎస్ఏతో పడింది. 1979లో బఫెలో నగరంలోని రోజ్‌వెల్ పార్క్‌లో మింగ్ చూ బృందం ఈ ప్రోటీన్‌ని వేరుచేసింది. 1986లో అమెరికా ప్రభుత్వం దీన్ని అనుమతించింది క్యాన్సర్ ఉందని తెలిసినవాళ్లని గమనించడానికి. 1994కల్లా, వేలి పరీక్షతో పాటు, జబ్బుని వెతకడానికీ ఒప్పుకుంది. చిక్కేమిటంటే పీఎస్ఏ క్యాన్సర్ గుర్తు కాదు, గ్రంథి గుర్తు. వయసుతో గ్రంథి ఉబ్బినా పెరుగుతుంది, ఇన్ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది.

పెరిగితే బయాప్సీ. 1989 నుంచి వాడుకలోకొచ్చిన పద్ధతిలో అల్ట్రాసౌండ్ చూస్తూ ఆరు చోట్ల సూదితో ముక్కలు తీసేవారు. అల్ట్రాసౌండ్‌లో గ్రంథి కనిపిస్తుంది గానీ గడ్డ చాలాసార్లు కనిపించదు. అదృష్టం ఉంటే తగులుతుంది. తగిలినదాంట్లో రిచ్ చూసిన ఆ నిద్రపోయే రకం కూడా బోలెడు.

2009లో యూరప్ దేశాల్లో జరిగిన పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. తొమ్మిదేళ్లలో ఒక్క చావుని తప్పించడానికి 1410 మందిని పరీక్షించాలి, 48 మందికి వైద్యం చేయాలి. పదమూడేళ్ల లెక్క తీసేసరికి ఆ 48 కాస్తా 27 అయింది.

మరి బయాప్సీ ఎంత నమ్మకం? చాలాకాలం ఈ ప్రశ్నకి జవాబు చెప్పడమే కష్టమైంది. సాక్షీ అదే, జడ్జీ అదే. 2017లో బ్రిటన్‌లో ప్రోమిస్ అనే అధ్యయనం దీనికి దారి వెతికింది. 576 మందికి ఎమ్మారై, మామూలు బయాప్సీ రెండూ చేసి, వాటితోపాటు గ్రంథి మొత్తాన్నీ 5 మిల్లీమీటర్లకొకటి చొప్పున సూదులతో జల్లెడ పట్టి, ఆ ఫలితంతో మిగతా రెండిటినీ పోల్చారు. ప్రమాదకరమైన క్యాన్సర్లలో మామూలు బయాప్సీకి దొరికింది 48 శాతం, ఎమ్మారై పట్టింది 93 శాతం. అయితే ప్రమాదం లేనివాళ్లని లేదని చెప్పడంలో ఎమ్మారై బలహీనం, 41 శాతమే. కాబట్టి అది బయాప్సీకి బదులు కాదు. సూది ఎవరికి అక్కర్లేదో, అవసరమైతే ఎక్కడ గుచ్చాలో చెబుతుంది.

నాన్నకీ ముందు ఎమ్మారై, ఆ తర్వాతే సూది. గ్లీసన్ 3+3 వచ్చింది. ఉన్నవాటిలో తక్కువ రకం. "తీయించేద్దాం నాన్నా" అన్నాను. క్యాన్సర్ అన్న మాట విన్నాక ఇన్ని రాత్రుళ్లు చదివిందంతా ఎటో పోయింది. అంతకుముందు నేను చెప్పిన లెక్క ఆయనకి గుర్తుంది. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి.

"ఆ నలభై ఎనిమిది మందిలో మిగతా నలభై ఏడుగురు ఏమయ్యార్రా?"

చెప్పాను. కొందరికి మూత్రం ఆగదు. కొందరికి ఆ గ్రంథి పేరులో ఉన్నదే పోతుంది. కొడుకు తండ్రితో అనే మాటలు కావవి. అన్నాను. ఆయన తల దించుకోకుండా విన్నాడు. బ్రిటన్‌లోనే 1643 మందిని పదిహేనేళ్లు గమనించి 2023లో ప్రకటించిన ఫలితం కూడా చెప్పాను. ఆపరేషన్, రేడియేషన్, ఊరికే కనిపెట్టుకుని ఉండటం, ఏది చేసినా ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు మూడు శాతం దగ్గరే.

డాక్టరుతో మాట్లాడి, కనిపెట్టుకుని ఉండటానికే ఒప్పుకున్నాడు. భయం పోయిందని అనను. రిపోర్టు వచ్చే రోజు నాకు ఇప్పటికీ అన్నం సయించదు. మొన్నటిది మళ్లీ వాట్సాప్‌లోనే వచ్చింది, ఈసారి కింద ఒక లైనుతో:

"6.9. మళ్లీ ఆర్నెల్లకి. అమ్మకి చెప్పాను."