మధ్యరకపు ఫర్నేసు

చలికని ప్రత్యేకముగా ఒక యంత్రమును కొని యింటిలో పెట్టుకొన్న కుటుంబము కోనసీమలో నేనెరిగినంతవరకు ఒక్కటియు లేదు. ధనుర్మాసపు తెల్లవారుజామున గోదావరి పాయల మీదుగా మంచు దిగి కొబ్బరితోటలను కప్పివేసినపుడు దుప్పటి ముసుగుతో పొయ్యి దగ్గర కూర్చుండుట, భోగినాడు వీధిలో మంటవేయుట, కనుమనాడు జగ్గన్నతోట ప్రభలతీర్థమునకు బయలుదేరుచు మెడకొక తువాలు చుట్టుకొనుట, ఇంతటితో మన శీతకాల సన్నాహము ముగియును. అట్టి సీమనుండి వచ్చి చికాగో మహానగరమునకు పడమటనున్న అరోరా పట్టణమున కాపురము పెట్టిన నాకు, ఇంటిని వెచ్చజేయు గ్యాసు ఫర్నేసు ఎట్టిది కొనవలెనను విచారణ మొదట సంతబేరము వంటిదిగానే తోచినది. కాని దాని పుట్టుపూర్వోత్తరములు తెలిసికొన్న కొలది, ఆ యినుపపెట్టె మీద అంటించిన కాగితములోని ప్రతి అంకె వెనుకను ఈ దేశప్రజలనుభవించిన ఒక కష్టమో, ఒక ఘోరవిపత్తో ఉన్నదని గ్రహించితిని. ఆ సంగతియే మనవారికి విన్నవింపబూనుచున్నాను.

2019 జనవరి 30వ తేదీన చికాగోలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన ముప్పది సెల్సియస్ డిగ్రీలకు పడిపోయినది. 1985 జనవరి 20న అంతకంటెను దిగి మైనస్ 33ను ముట్టినది. అట్టి దినమున ఫర్నేసు ఆగిపోయినచో గోడలలోని నీటిగొట్టములు గడ్డకట్టి పగులును, ముసలివారికి, పసిబిడ్డలకు ప్రాణాపాయము కలుగును. కనుక ఇక్కడి గృహస్థు దీనిని విలాసవస్తువుగా నెంచడు.

ఈ దేశమున స్థిరపడిన ఐరోపావారు తొలుత అడవులు నరికి కట్టెలు కాల్చిరి. కట్టెలు ప్రియమైన కొలది బొగ్గునకు మరలిరి. 1850లో చికాగో వీధిదీపములను వెలిగించిన గ్యాసు సైతము బొగ్గును గాలి తగలని బట్టీలలో కాచి తీసినదే. పాత యిండ్ల నేలమాళిగలలో నేటికిని గోడకొక చిన్న యినుపతలుపు కానవచ్చును. బండి వీధిలో నిలిపి, బొగ్గును ఆ తలుపుగుండ లోనికి జారవిడిచెడివారు. ఇంటి యజమాని తెల్లవారకమునుపే లేచి, మాళిగలోనికి దిగి, రాత్రి కునికిన నిప్పును కెలికి, బూడిద యెత్తి, క్రొత్తబొగ్గు వేసినగాని పిల్లలు మంచము దిగుటకు వీలులేకుండెడిది. 1902లో పెన్సిల్వేనియా బొగ్గుగని కార్మికులు నెలలతరబడి సమ్మెకట్టినపుడు, శీతకాలము ముంచుకొని వచ్చుచున్నదన్న భయముచే అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు గనుల యజమానులను, కార్మికనాయకులను తానే పిలిపించి మాటాడవలసి వచ్చినది. 1940 జనాభా లెక్కలనాటికిని సగమునకు పైబడిన యిండ్లు బొగ్గుతోనే వెచ్చబడుచుండెను.

సహజవాయువు ఈ దేశమున లేక కాదు. టెక్సాసు మొదలగు చోట్ల చమురుతోపాటు అపారముగా వెలువడుచుండెను. చలి ఒకచోట, వాయువు మరియొకచోట నుండుటచేత దానిని గాలిలో కాల్చివేయుటయే అనేకచోట్ల ఆచారమై యుండెను. కోనసీమలోని తాటిపాక పరిసరములలో రాత్రివేళ ఆకాశమునెఱ్ఱజేయు గ్యాసుమంటను చూచి పెరిగిన మనవారికి ఈ దృశ్యమును వర్ణింప నక్కరలేదు. 1919 డిసెంబరులో న్యూజెర్సీలోని మోరిస్‌టౌనుకు చెందిన ఆలిస్ పార్కర్ అను నల్లజాతి వనిత, గ్యాసుతో గాలిని వేడిచేసి ఆ గాలిని గొట్టముల ద్వారా వేర్వేరు గదులకు పంపు పద్ధతికి పేటెంటు పొందినది. కాని గ్యాసే అందని ఊళ్లలో ఆ యూహ కాగితము మీదనే నిలిచిపోవును గదా! టెక్సాసు ఉత్తరభాగమునుండి సుమారు వేయిమైళ్ల గొట్టము పఱచి 1931లో చికాగోకు సహజవాయువును తెచ్చిరి. పిమ్మట రెండవ ప్రపంచయుద్ధములో, జర్మను జలాంతర్గాములు చమురు ఓడలను ముంచివేయుచుండగా, టెక్సాసునుండి తూర్పుతీరమునకు బిగ్ ఇంచ్, లిటిల్ బిగ్ ఇంచ్ అను రెండు మహాచమురుగొట్టములను నిర్మించి, యుద్ధము ముగిసిన వెనుక 1947లో వానిని గ్యాసుకు మరల్చిరి. అటుపిమ్మట ఒక తరము గడచులోపల బొగ్గుబండ్లు వీధులనుండి అదృశ్యమైనవి.

ఈ సౌకర్యమునకు చెల్లిన మూల్యములలో అతిదారుణమైనది టెక్సాసులోని న్యూలండను గ్రామమున చెల్లినది. అక్కడి పాఠశాలవారు చమురుక్షేత్రపు గొట్టమునుండి మిగులుగ్యాసును పైకము లేకుండ వాడుకొనుచుండిరి. సహజవాయువునకు స్వతఃసిద్ధముగా రంగులేదు, వాసన లేదు. అది కారి పాఠశాల నేలక్రింద నిండుచున్నను ఒక్కరికిని తెలియలేదు. 1937 మార్చి 18వ తేదీ మధ్యాహ్నము, బడి విడుచుటకు కొంచెము ముందు, చేతిపనుల ఉపాధ్యాయుడు చెక్కను నునుపుజేయు యంత్రమునకు మీట నొక్కగా లేచిన నిప్పురవ్వతో భవనమంతయు నెగసి కూలినది. సుమారు మూడువందలమంది మరణించిరి. వారిలో అత్యధికులు విద్యార్థులు. వారములు గడవకమునుపే గ్యాసులో దుర్వాసనగల ద్రవ్యమును తప్పక కలుపవలెనని టెక్సాసు శాసనము చేసినది, క్రమముగా అది దేశమంతట ఆచారమైనది. మన వంటింటి సిలిండరు కారినపుడు ముక్కుపుటములదరగొట్టు కుళ్లువాసనయు ఇట్లు బుద్ధిపూర్వకముగా కలిపినదే. దానిపై విసుగుకొనువారు ఆ బిడ్డలనొకసారి తలచుకొనుట ధర్మము.

న్యూలండను నేర్పినది మొదటి పాఠము కాగా, రెండవ పాఠము 1970వ దశకమున వచ్చినది. 1973లో అరబ్బుదేశములు చమురు నిలిపివేయుటయు, 1976-77 శీతకాలమున గ్యాసు చాలక బడులు, కర్మాగారములు మూతపడుటయు జరిగిన తరువాత, 1977 ఫిబ్రవరిలో అధ్యక్షుడు జిమ్మీ కార్టరు ఉన్నికోటు తొడుగుకొని టెలివిజనులో కనబడి, పగలు 65, రాత్రి 55 ఫారన్‌హైటు డిగ్రీలకు మించి ఇండ్లను వేడి చేయవలదని ప్రజలను వేడుకొనెను. 1965 నాటి క్రొత్త వలసచట్టము ధర్మమా అని వచ్చిన మన తెలుగు వైద్యులు, ఇంజనీర్లు న్యూయార్కులో తొలి తెలుగు మహాసభ జరుపుకొన్నది ఆ 1977వ యేటనే. వారు ఈ దేశమున కాలూనుకొన్నది పొదుపును బోధించు దినములలోనన్నమాట. ఆనాటి ఫర్నేసులు కాల్చిన గ్యాసులో మూడవవంతు వేడిని, కొన్నియైతే అంతకంటె ఎక్కువను, పొగగొట్టముగుండ ఆకాశమునకు అర్పించుచుండెను. 1987లో చట్టము వచ్చి, 1992 నుండి తయారగు ఫర్నేసు నూటికి 78 పాళ్ల వేడినైనను ఇంటికి దక్కింపవలెనని నిర్ణయించినది; 2015లో ఆ పరిమితి 80 అయినది; 2028 చివరినుండి 95 కావలెనని 2023లో మరియొక ఉత్తరువు వెలువడినది. పెట్టెమీద ఏ.ఎఫ్.యు.ఇ. అను పొడియక్షరముల ప్రక్క కనబడు అంకె యిదియే.

ఇక కొనుగోలుకు వచ్చెదము. అంగడిలో స్థూలముగా మూడు తరగతులున్నవి. మొదటిది 80 పాళ్లది. ఒకే స్థాయిలో మండును, వేడిపొగను పాతచిమ్నీలోనికి వదలును. మూడవది 98 వరకు పోవునట్టిది. మంటను కొంచెము కొంచెముగా హెచ్చించి తగ్గించు సున్నితపు యంత్రము. నడుమనున్నది 95, 96 పాళ్లది. ఎక్కువ, తక్కువ అని రెండు స్థాయిలలో మండుచు, గాలిపంకా వేగమును అవసరమునుబట్టి మార్చుకొనగలది. ఈ నడిమిదానికి వేడి మార్పిడిగదులు రెండుండును. పైచేను తడిపి మురుగుకాలువకు దిగుచున్న నీటికి అడ్డుకట్ట వేసి క్రిందిచేనికి మళ్లించు రైతువలె, ఇది మొదటిగదిని దాటిన పొగను రెండవగదిగుండ నడిపి, దానిలోని నీటియావిరి చల్లబడి బొట్లుగా మారునపుడు విడుచు వేడినిగూడ పిండుకొనును. మిగిలిన పొగ చిమ్నీ యక్కరలేకుండ ప్లాస్టికు గొట్టముగుండ పోవునంత చల్లనగును. కొంచెము ఆమ్లగుణముగల ఆ నీరు సన్నని గొట్టమువెంట మురుగులోనికి పోవును.

లెక్క సులభము. 80 పాళ్ల యంత్రమునుండి 96 పాళ్లదానికి మారినచో అదే వెచ్చదనమునకు గ్యాసు ఆరవవంతు తగ్గును. 96 నుండి 98కి పోయినచో తగ్గునది నూటికి రెండుపాళ్లే, కాని ధరయు, చెడినపుడు విడిభాగములకగు వ్యయమును గణనీయముగా పెరుగును. కనుకనే నేను నడిమిదానిని ఎన్నుకొంటిని.

పరిమాణము విషయమున మనవారికొక దురభిప్రాయము కలదు. అరోరా వేంకటేశ్వరాలయమున ప్రసాదము తినుచు, కొత్తపేట ప్రాంతపు పెద్దమనిషి యొకరు, “పెద్దదే పెట్టించేయండి మాస్టారూ, చిన్నదైతే ఈ చలికి ఆనదండి” అని హితవు చెప్పిరి. ఫర్నేసు అవసరమునకు మించినదైనచో నిమిషములలో ఇంటిని వేడెక్కించి ఆగును, కొంచెముసేపటికి మరల రాజుకొనును. ఈ పడిలేచుటలో భాగములరుగును, గదికొక తీరు వేడి యుండును. గోడల మందము, కిటికీల సంఖ్య, అటకమీది దూదిపొర, ఊరి చలి ఇవన్నియు గణించి పరిమాణము తేల్చుటకు మాన్యువల్ జె అను పద్ధతి యున్నది. ఆ లెక్క చేయక, పాతదాని మీది అంకెను చూచి అంతటిదే వ్రాసికొనిపోవు పనివానికి పని యప్పగింపరాదు. మా యింటికి గంటకు 60,000 బి.టి.యు.ల యంత్రము చాలునని తేలినది. మనయిండ్లలో స్నానమునకు వాడు 2 కిలోవాట్ల గీజరులు ఎనిమిది, తొమ్మిది ఒక్కమారు పనిచేసినచో వచ్చు వేడి అది. చలి విపరీతముగా లేని దినములలో క్రిందిస్థాయి మంటయే సరిపోవును.

బిగించినవాడు ముందుపలక తీసి యంత్రమును నడిపి చూపెను. ముందుగా ఒక చిన్నపంకా సన్నగా రొదచేయుచు లోపలి గాలిని బయటికి లాగినది. గాలి సరిగా పోవుచున్నదని ఒత్తిడిమీట ఒప్పుకొన్న పిమ్మటగాని తక్కిన పని మొదలు కాలేదు. తరువాత అంటింపుపలక నారింజరంగున కణకణలాడెను. కవాటము టక్కుమనగానే వరుసనున్న గొట్టములలో నీలిమంటలు ఒకదానివెంట ఒకటి అంటుకొన్నవి. మంట నిజముగా లేచినదో లేదో ఒక చిన్నకమ్మీ కనిపెట్టుచుండును. లేవనిచో కొన్ని క్షణములలోనే గ్యాసు తనంతట నిలిచిపోవును. అర నిమిషమునకు పెద్దపంకా తిరిగి వేడిగాలిని గదులకు పంపెను. పంకా తిరిగినపుడు నీలిమంట చలింపక నిలువవలెనని, పసుపువన్నెకు తిరిగి ఊగినచో వేడి మార్పిడిగది గోడ బీటవారినదేమో పరీక్షింపవలెనని అతడు చెప్పెను. బీటగుండ వచ్చు కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే మనుష్యుని చంపును. అందువలననే పడకగదికి పదునైదడుగులలోపల దానిని పసిగట్టు అలారము ఉండితీరవలెనని 2007 నుండి మా ఇలినాయి రాష్ట్రమున చట్టమున్నది. పిల్లలు అమెరికాలోనున్న తలిదండ్రులు, ఫర్నేసు ఏ కంపెనీదని అడుగుటకంటె, ఆ అలారము ఉన్నదా, గాలివడపోత మార్చితిరా అని అడుగుట మేలు.

మనసీమకును ఈ చరిత్రకును ఎడము తక్కువ. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసుబావి అంటుకొని రెండునెలలకు పైగా మండినది. చుట్టుపట్ల గ్రామములు ఖాళీచేయవలసి వచ్చినది. 2014 జూన్ 27న నగరము అను గ్రామమున గొట్టమునుండి కారిన గ్యాసు తెల్లవారుజామున అంటుకొని ఇరువదిమందికి పైగా జనులను కాల్చివేసినది. అమెరికనులలో పలువురు వాయువునకు వేయిమైళ్ల దూరమున నుండియు దాని ప్రతిగుణమునకు ఒక నియమము వ్రాయించుకొనిరి. వాసన నియమమైనను పిల్లలు పోయినపిమ్మటనే. మనము బావులప్రక్కనే కాపురముండువారము. కావున మన గ్రామసభలలో, గొట్టము వేసి ఎన్నియేండ్లయినది, లోపలి తుప్పును కడపట ఎన్నడు పరీక్షించిరి, అర్ధరాత్రి గ్యాసు కారినచో ఏ నంబరుకు ఫోనుచేయవలెను, ఎంతసేపటిలో ఎవరు వత్తురు అను నాలుగు ప్రశ్నలను అడిగి, వాని జవాబులను వ్రాతమూలకముగా తీసికొని పంచాయతీ గోడమీద అంటించుట, ఏ యూరివారైనను రేపే మొదలుపెట్టదగిన పని.