రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ (1809 - 1865) ఇంగ్లాండుకు చెందిన క్రైస్తవ మతప్రచారకుడు, విద్యావేత్త. చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) తరఫున 1841లో తెలుగు దేశానికి వచ్చి, 1843లో మచిలీపట్నంలో ఆంగ్ల పాఠశాలను స్థాపించాడు. ఆ పాఠశాలే తరువాతి కాలంలో ఆయన పేరుతో నోబుల్ కళాశాలగా ప్రసిద్ధి చెందింది. అవివాహితునిగా ఉండి, ఇరవై నాలుగు సంవత్సరాల పాటు స్వదేశానికి ఒక్కసారి కూడా తిరిగి వెళ్ళకుండా ఉపాధ్యాయ వృత్తిలోనే జీవితం గడిపి, మచిలీపట్నంలోనే మరణించాడు. అగ్రవర్ణాల యువకులను విద్య ద్వారా క్రైస్తవం వైపు ఆకర్షించాలన్నది ఆయన ఆశయం. ఆ ఆశయం స్వల్పంగానే నెరవేరింది. కాని ఆయన నాటిన విద్య ఆయన ఊహించని దారులలో విస్తరించింది.

జననం, విద్య

నోబుల్ 1809లో ఇంగ్లాండులోని లీసెస్టర్‌షైర్‌కు చెందిన ఫ్రిస్బీ గ్రామంలో జన్మించాడు. ఆయన తండ్రి ఆంగ్లికన్ సంఘంలో మతగురువు. ఓకమ్ పాఠశాలలో చదివిన తరువాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన సిడ్నీ ససెక్స్ కళాశాలలో ఉన్నత విద్య పూర్తి చేశాడు. సోదరుడు జాన్ నోబుల్ కూడా మతగురువే. రాబర్ట్ మరణానంతరం ఆయన జీవిత చరిత్రను గ్రంథస్థం చేసినది ఈ సోదరుడే.

తెలుగు దేశానికి రాక

1799లో లండన్‌లో ఏర్పడిన చర్చ్ మిషనరీ సొసైటీ దక్షిణాదిన తమిళ, మలయాళ ప్రాంతాలలో అప్పటికే పనిచేస్తూ ఉండేది. తెలుగు ప్రాంతంలో మాత్రం ఆ సంస్థకు కేంద్రం లేదు. మచిలీపట్నం ప్రాంతంలో ఉద్యోగాలు చేస్తున్న కొందరు ఆంగ్లేయ అధికారులు ఇక్కడ కూడా పని ప్రారంభించవలసిందిగా కోరారు. దాని ఫలితంగా 1841లో ఇద్దరు యువకులు ఓడలో బయలుదేరి మద్రాసు చేరారు. వారిలో ఒకరు నోబుల్, రెండవవారు హెన్రీ వాట్సన్ ఫాక్స్.

ఫాక్స్ (1817 - 1848) ప్రసిద్ధ విద్యావేత్త థామస్ ఆర్నాల్డ్ వద్ద రగ్బీ పాఠశాలలో చదివి, తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో పట్టభద్రుడయ్యాడు. వీరిద్దరూ పనిని పంచుకున్నారు. గ్రామాలు తిరిగి తెలుగులో బోధించడం ఫాక్స్ వంతు. పట్టణంలో పాఠశాల నడపడం నోబుల్ వంతు. 1845లో ఫాక్స్ భార్య మరణించింది. ఫాక్స్ కూడా ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని 1848లో ఇంగ్లాండుకు తిరిగివెళ్ళి, అదే సంవత్సరం ముప్పై ఒక్క ఏళ్ళ వయస్సులో చనిపోయాడు. ఆయన జ్ఞాపకార్థం రగ్బీ పాఠశాలకు చెందినవారు చందాలు వసూలు చేసి, నోబుల్ పాఠశాలలో ఒక ఉపాధ్యాయుని జీతానికి ఏర్పాటు చేశారు. ఆ పదవికి 'రగ్బీ-ఫాక్స్' ఉపాధ్యాయ పదవి అని పేరు వచ్చింది.

నాటి మచిలీపట్నం

నోబుల్ వచ్చేనాటికి మచిలీపట్నం (బందరు) పాత వైభవాన్ని కోల్పోతున్న రేవు పట్టణం. ఈస్టిండియా కంపెనీ 1611లోనే ఇక్కడ వర్తక స్థావరం ఏర్పాటు చేసుకుంది. 1759లో ఫ్రెంచివారి నుండి కోటను స్వాధీనం చేసుకున్న తరువాత పట్టణం పూర్తిగా ఆంగ్లేయుల వశమైంది. 1832-33లో వచ్చిన ఘోరమైన కరువు కృష్ణా, గుంటూరు ప్రాంతాలను అతలాకుతలం చేసి కొద్ది సంవత్సరాలే గడిచాయి.

ఆంగ్ల విద్యకు అవకాశాలు అప్పట్లో చాలా తక్కువ. మద్రాసులో ప్రభుత్వ ఉన్నత పాఠశాల 1841లో ప్రారంభమైంది. రాజమండ్రిలో ప్రభుత్వ పాఠశాల 1853లోను, విజయనగరంలో మహారాజావారి పాఠశాల 1857లోను వచ్చాయి. మరొకవైపు కలెక్టరు కచేరీలలోను, న్యాయస్థానాలలోను, 1850లలో కృష్ణా, గోదావరి ఆనకట్టలతో విస్తరించిన ఇంజనీరింగు శాఖలోను ఆంగ్లం తెలిసిన గుమాస్తాల అవసరం పెరుగుతూ వచ్చింది. ఆంగ్లం నేర్పే పాఠశాలకు పిల్లలను పంపడానికి అగ్రవర్ణ కుటుంబాలు ముందుకు రావడానికి ఇది ముఖ్య కారణం.

పాఠశాల స్థాపన

మొదటి రెండు సంవత్సరాలు నోబుల్ తెలుగు భాష నేర్చుకోవడానికి ప్రాధాన్యమిచ్చాడు. 1843 నవంబరులో పాఠశాలను ప్రారంభించాడు. తొలి రోజులలో విద్యార్థులు వేళ్ళ మీద లెక్కించదగినంత మందే ఉండేవారు. తరువాత బ్రాహ్మణ, వెలమ తదితర కులాల నుండి, ముస్లిం కుటుంబాల నుండి కూడా విద్యార్థులు చేరసాగారు.

ఈ పాఠశాల విధానం నోబుల్ స్వయంగా కనిపెట్టినది కాదు. స్కాట్లాండుకు చెందిన అలెగ్జాండర్ డఫ్ 1830లో కలకత్తాలో ఇటువంటి పాఠశాలను ప్రారంభించాడు. 1837లో జాన్ ఆండర్సన్ మద్రాసులో దానిని అనుసరించాడు. ఆండర్సన్ పాఠశాలే కాలక్రమంలో మద్రాసు క్రిస్టియన్ కళాశాల అయింది. సమాజంలో గౌరవం పొందే వర్గాల యువకులకు ఆంగ్ల సాహిత్యం, చరిత్ర, విజ్ఞాన శాస్త్రాలతో పాటు బైబిలు కూడా బోధించినట్లయితే వారి ఆలోచనలు మారుతాయని, వారి ద్వారా ఆ మార్పు క్రింది వర్గాలకు ప్రవహిస్తుందని ఈ విధానాన్ని నమ్మినవారి వాదన. నోబుల్ పాఠశాలలో బైబిలు బోధన ప్రతి విద్యార్థికీ తప్పనిసరి పాఠ్యాంశం. తల్లిదండ్రులు ఈ సంగతి తెలిసే పిల్లలను పంపేవారు. ఉద్యోగానికి పనికివచ్చే చదువు కావాలని వారు కోరుకోగా, మత పరివర్తన జరగాలని నోబుల్ కోరుకున్నాడు. ఇరుపక్షాల కోరికలలోని ఈ తేడా 1852 వరకు బయటపడలేదు.

1852 నాటి సంక్షోభం

1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. వారి పేర్లు మంచాల రత్నం, ఐనాల భూషణం. వీరిలో ఒకరు బ్రాహ్మణ కులస్థులు, మరొకరు వెలమ కులస్థులు. ఈ వార్తతో పట్టణంలో తీవ్రమైన అలజడి చెలరేగింది. తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పించారు. తొమ్మిదేళ్ళ శ్రమతో పెరిగిన పాఠశాల కొద్ది రోజులలోనే దాదాపు ఖాళీ అయింది.

ఆనాటి సమాజంలో మతం మారిన యువకుడు కుటుంబానికి చనిపోయినవానితో సమానం. కర్మకాండలు చేయవలసిన కొడుకు కులానికి దూరమైతే తల్లిదండ్రులకు కలిగే దుఃఖం, లోకనింద సామాన్యమైనవి కావు. మతం మారినవారు వారసత్వపు హక్కులు కోల్పోకుండా ప్రభుత్వం 1850లో ఒక చట్టం (1850 సంవత్సరపు 21వ చట్టం) చేసింది. ఆ చట్టం ఆస్తిహక్కును కాపాడగలిగిందే గాని తల్లిదండ్రుల ఇంటి తలుపు తెరిపించలేకపోయింది. ఆ యువకులకు మిషను ప్రాంగణమే ఇల్లయింది.

నోబుల్ తన విధానాన్ని మార్చుకోలేదు. బైబిలు బోధనను తగ్గించలేదు, పాఠశాలను మూసివేయనూ లేదు. ఆంగ్ల విద్య అవసరం బలమైనది కావడం వల్ల విద్యార్థులు క్రమంగా తిరిగివచ్చారు. 1855లో మరికొందరు బాప్తిస్మం పొందినప్పుడు కూడా అలజడి చెలరేగింది. వారిలో జానీ అలీ అనే ముస్లిం యువకుడు ఉన్నాడు. ఈయన తరువాత కేంబ్రిడ్జిలో చదివి, మతప్రచారకుడై కలకత్తాలో పనిచేశాడు. రత్నం, భూషణం ఇద్దరూ అనంతర కాలంలో మతగురువులుగా అభిషేకం పొందారు.

కులం సమస్య

నోబుల్ జీవితంలో అత్యంత వివాదాస్పదమైన అంశం అస్పృశ్యులుగా పరిగణింపబడిన కులాల పిల్లలను పాఠశాలలో చేర్చుకోకపోవడం. వారిని చేర్చుకుంటే మిగిలినవారందరూ వెళ్ళిపోతారని, ఏ వర్గం కోసం పాఠశాల పెట్టాడో ఆ వర్గమే దూరమవుతుందని ఆయన భావించాడు. ఆయన కాలంలోనే ఈ విధానం విమర్శకు గురైంది. క్రైస్తవ సంఘాలలో కుల భేదాలను అనుమతించరాదని కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ 1833లోనే ఆదేశించి ఉన్నాడు. సంఘంలో చేరిన తరువాత కులం పాటించరాదన్నప్పుడు, సంఘం నడిపే పాఠశాల గుమ్మం వద్ద కులం అడగడం ఎంతవరకు న్యాయమనేది ఆ విమర్శలోని సారాంశం.

ఈ ప్రశ్నకు సమాధానం వేరే చోట నుండి వచ్చింది. 1859లో కృష్ణా మండలంలోని రాఘవాపురంలో మాల కులస్థుడైన పగోలు వెంకయ్య, సి.ఎం.ఎస్. మిషనరీ టి.వై. డార్లింగ్ వద్ద బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెంట బంధువులు, ఇరుగుపొరుగు గ్రామాలవారు తరలివచ్చారు. తెలుగు ప్రాంతంలో సి.ఎం.ఎస్. సంఘం పెద్దదిగా ఎదిగినది ఈ గ్రామాల నుండే. ఏ వర్గానికి నోబుల్ పాఠశాల తలుపు తెరుచుకోలేదో ఆ వర్గమే సంఘానికి మూలాధారమైంది. పై నుండి క్రిందికి మార్పు ప్రవహిస్తుందన్న సిద్ధాంతం తెలుగు నేల మీద తలక్రిందులైంది.

1866లో ఒంగోలులో స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ కూడా ఇదే సమస్యను ఎదుర్కొన్నాడు. ఆయన పాఠశాలకు మొదట అగ్రవర్ణాల పిల్లలు వచ్చారు. మాదిగలను సంఘంలోకి చేర్చుకోవడంతో వారు వెళ్ళిపోయారు. క్లౌ మాదిగల పక్షాన నిలిచాడు. ఒకే సమస్యకు నోబుల్, క్లౌ భిన్నమైన నిర్ణయాలు తీసుకున్నారు. కోస్తా ఆంధ్రలో మిషనరీ విద్యా చరిత్రను అధ్యయనం చేసే విద్యార్థులు ఈ ఇద్దరినీ పోల్చి చూడవలసి ఉంటుంది.

1864 తుఫాను

1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్నాన్ని భయంకరమైన తుఫాను తాకింది. సముద్రపు ఉప్పెన పట్టణాన్ని, పరిసర గ్రామాలను ముంచివేసింది. సుమారు 30,000 మంది మరణించారని అంచనా. మిషను ఆధ్వర్యంలో షార్కీ దంపతులు నడుపుతున్న బాలికల వసతి పాఠశాలలోని అనేక మంది బాలికలు ఉప్పెనలో కొట్టుకొనిపోయారు. పట్టణం ఈ దెబ్బ నుండి చాలాకాలం కోలుకోలేదు. రేవు పట్టణంగా మచిలీపట్నం క్షీణతను ఈ ఉప్పెన మరింత వేగవంతం చేసింది. అంతటి విపత్తు తరువాత కూడా నోబుల్ పట్టణాన్ని విడిచిపెట్టలేదు.

మరణం

ఉప్పెన సంభవించిన మరుసటి సంవత్సరం, 1865 అక్టోబరు 17న నోబుల్ మచిలీపట్నంలో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు సుమారు 56 సంవత్సరాలు. రగ్బీ-ఫాక్స్ ఉపాధ్యాయ పదవిలో వచ్చిన జాన్ షార్ప్ పాఠశాల బాధ్యతలు చేపట్టాడు. 1867లో సోదరుడు జాన్ నోబుల్ రచించిన జీవిత చరిత్ర ఇంగ్లాండులో వెలువడింది.

నోబుల్ కళాశాల

1854 నాటి విద్యా ప్రకటన (ఉడ్స్ డిస్పాచ్) ద్వారా ప్రైవేటు పాఠశాలలకు ప్రభుత్వ సహాయ ధనం లభించే విధానం ఏర్పడింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం స్థాపించబడింది. ఈ రెండు పరిణామాల వల్ల పాఠశాలలో చదివినవారికి విశ్వవిద్యాలయ పరీక్షల మార్గం తెరుచుకుంది. పాఠశాల తరువాత కళాశాలగా ఎదిగి నోబుల్ కళాశాల అని పేరు పొందింది.

ఈ కళాశాలలో పనిచేసిన వారిలో సంఘ సంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడు ముఖ్యుడు. ఈయన బ్రహ్మసమాజ ప్రచారకుడు. అంటే క్రైస్తవ కళాశాలలోనే క్రైస్తవేతరమైన సంస్కరణోద్యమానికి ఆచార్యుడు లభించాడు. ఈయన శిష్యుడు ముట్నూరి కృష్ణారావు ఈ కళాశాలలోనే చదివి, కృష్ణాపత్రిక సంపాదకునిగా ప్రఖ్యాతుడయ్యాడు. కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి 1910లో ఇదే పట్టణంలో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. ఆంగ్లేయుల విద్యా విధానానికి ప్రత్యామ్నాయంగా స్వదేశీ విద్యను అందించడం దాని లక్ష్యం. ఆంగ్ల విద్య వేళ్ళూనిన పట్టణంలోనే దానిని ప్రశ్నించే విద్యాలయం కూడా పుట్టింది.

తెలంగాణ ప్రాంతంలో పరిస్థితి వేరు. నిజాం రాజ్యంలో భాగమైన కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలు నోబుల్ కాలంలో కోస్తా మిషన్ల పరిధికి బయట ఉండేవి. 1880ల నుండి వెస్లియన్ మిషనరీలు హైదరాబాదు కేంద్రంగా ఉత్తర తెలంగాణకు విస్తరించారు. అక్కడ క్రైస్తవ సంఘాలు ప్రధానంగా గ్రామాలలోని మాల, మాదిగ వర్గాల మధ్య పెరిగాయి.

అంచనా

మతప్రచారకునిగా నోబుల్ సాధించినది సంఖ్యలో చాలా తక్కువ. ఇరవై రెండు సంవత్సరాల బోధన తరువాత ఆయన విద్యార్థులలో మతం మారినవారు కొద్దిమంది మాత్రమే. ఉపాధ్యాయునిగా ఆయన దీక్షను, నిరాడంబరతను పలువురు ప్రశంసించారు. కృష్ణా మండలంలో ఆంగ్ల విద్యకు పునాది వేసినవారిలో ఆయన అగ్రగణ్యుడు. అయితే ఆ పునాది అందరి కోసం వేసినది కాదు. కులాన్ని తప్పుగా భావించిన మతం తరఫున వచ్చి కూడా, పాఠశాల నిలబడడం కోసం కులంతో రాజీపడ్డాడు. ఆయన సేవను స్మరించేటప్పుడు ఆ పాఠశాలలో అడుగుపెట్టలేకపోయిన పిల్లలను కూడా స్మరించడం చరిత్రకు న్యాయం చేయడమే అవుతుంది.