పైన్ చిగురు ఎందుకు వంకర తిరుగుతుంది? పక్క చేను నుంచి వచ్చే కలుపు మందు, ఎరువుల ప్రభావం

2011 వేసవి మొదట్లో అమెరికాలోని మధ్య పశ్చిమ, ఈశాన్య రాష్ట్రాల్లో చాలా లాన్లు, గోల్ఫ్ మైదానాలు కలుపు లేకుండా శుభ్రంగా కనిపించాయి. వాటి అంచుల్లో ఉన్న వైట్ పైన్, నార్వే స్ప్రూస్ చెట్ల కొత్త చిగుళ్లు మాత్రం కొక్కెంలా వంగి, గోధుమ రంగుకు తిరిగి, కొస నుంచి ఎండసాగాయి. కారణం డ్యూపాంట్ కంపెనీ అంతకు కొద్ది నెలల ముందే మార్కెట్లోకి తెచ్చిన ఇంప్రెలిస్ అనే కలుపు మందు. 2010లో దీనికి అనుమతి ఇచ్చిన అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థే 2011 ఆగస్టులో అమ్మకాలు ఆపమని ఆదేశించింది. చెట్లు పోయినవారికి పరిహారం చెల్లించడానికి, ఇతర ఖర్చులకు కంపెనీ పక్కన పెట్టిన మొత్తం 2013 నాటికే వంద కోట్ల డాలర్లు దాటింది. హాని సమాచారాన్ని సకాలంలో ఇవ్వలేదని, లేబుల్‌పై తగిన హెచ్చరిక లేదని వచ్చిన ఆరోపణలపై 2014లో సుమారు 18.5 లక్షల డాలర్ల జరిమానా కూడా కట్టింది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. చాలాచోట్ల ఆ మందు చెట్ల మీద పడనే లేదు. గడ్డి మీద చల్లిన మందు నేలలోకి దిగింది. కొమ్మల నీడను దాటి లాన్ కింద వరకూ పాకిన వేర్లు దాన్ని పీల్చుకున్నాయి. కలుపు మందు వల్ల హాని అనగానే గాలికి కొట్టుకొచ్చే తుంపరలే గుర్తొస్తాయి. పైన్‌కు అది ఒక దారి మాత్రమే.

(తెలుగులో పైన్‌ను దేవదారు అనేయడం మామూలు. నిజానికి దేవదారు వేరే ప్రజాతి. హిమాలయాల దిగువ వాలుల్లో పాకిస్తాన్ నుంచి నేపాల్, భూటాన్ దాకా పెరిగే చిర్ పైన్‌ను సంస్కృతంలో సరళ అంటారు. మేఘాలయలో కనిపించేది ఖాసీ పైన్. తూర్పు కనుమల్లో పైన్ సహజంగా లేదు. అరకు వైపు పర్యాటకులు ఫొటోలు దిగే పైన్ వనాలు మనుషులు నాటినవే.)

ఆకు దారి, వేరు దారి

పైన్ సూది ఆకు మీద మైనపు పొర ఉంటుంది. ముదిరిన ఆకు మీద పడిన తుంపరలో చాలా భాగం లోపలికి పోదు. అందుకే కలుపు మందుల విషయంలో పైన్ మొండి చెట్టని పేరు. వసంతంలో కొమ్మ కొసన కొవ్వొత్తిలా నిలువుగా లేచే కొత్త చిగురుకు మాత్రం ఆ రక్షణ ఉండదు. అది సాగే కొన్ని వారాలూ మొక్క మొత్తం మీద అత్యంత బలహీనమైన భాగం అదే. చల్లటి దేశాల అడవుల్లో పైన్ మొక్కల మధ్య కలుపు తీయడానికి గ్లైఫోసేట్‌ను వేసవి చివర్లో, మొగ్గలు గట్టిపడ్డాక చల్లుతారు. అదే మందు వసంతంలో పడితే కొత్త ఆకులు పసుపెక్కుతాయి. మరుసటి ఏడాది చిగుళ్లు పొట్టిగా, కుచ్చులా వస్తాయి.

2,4-డి, డైకాంబా, ట్రైక్లోపిర్ వంటివి మొక్కలోని పెరుగుదల హార్మోనును అనుకరిస్తాయి. వీటి గుర్తు మెలిక. చిగురు కొక్కెంలా వంగుతుంది, ఆకులు మెలి తిరుగుతాయి. పారాక్వాట్ తగిలిన చోటే కాలుస్తుంది కాబట్టి మచ్చలు పడతాయి, తర్వాత వచ్చే చిగురు బాగానే ఉంటుంది. అట్రజిన్ లాంటివి నేల ద్వారా వేరుకు చేరతాయి. అప్పుడు ముందుగా దెబ్బతినేది పాత ఆకుల కొసలు. నిర్ణీత మోతాదులో అట్రజిన్‌ను తట్టుకునే పైన్లు ఉన్నాయి. మోతాదు మించినా, ఇసుక నేలలో మందు నేరుగా వేరుదాకా దిగినా కథ మారుతుంది.

మామిడికో వేపకో ఆకులు మాడితే మళ్లీ చిగురిస్తుంది. చాలా రకాల పైన్లలో వచ్చే ఏడాది ఎదుగుదల ఈ ఏడాది మొగ్గలోనే రూపుదిద్దుకుంటుంది. కాబట్టి ఒక్కసారి పడిన మందు రెండు సీజన్ల ఎత్తును తినేస్తుంది. నడిమి చిగురు చచ్చిపోతే పక్క కొమ్మలు రెండు మూడు దాని స్థానానికి పోటీ పడతాయి, మాను చీలిపోతుంది. అప్పటికి మొక్క బతికే ఉంటుంది, పచ్చగానే కనిపిస్తుంది. కలప కోసం పాతికేళ్లు ఆగాల్సిన చెట్టు విలువ మాత్రం మూడో ఏటే సగం పోయినట్లు. ఈ విషయంలో చిర్ పైన్ కొంత నయం. లేత వయసులో కాలిపోయినా మొదలు నుంచి మళ్లీ చిగురించే గుణం దానికుంది.

ఎరువు చేసే నెమ్మది నష్టం

కలుపు మందు నష్టం కంటికి కనిపిస్తుంది. ఎరువుది కనిపించదు. పైగా మొదట్లో మేలు చేసినట్లే ఉంటుంది. పక్క చేలో చల్లిన యూరియా గుళికలు గట్టు దాటి పడినా, వాన నీటితో కొట్టుకొచ్చినా లేత పైన్ ముదురాకుపచ్చగా మారి ఏపుగా ఎదుగుతుంది. అసలు చిక్కు నేల కింద ఉంది.

పైన్ పేద నేలల చెట్టు. భాస్వరం, నత్రజని సంపాదించడానికి అది వేర్లను అంటిపెట్టుకున్న శిలీంధ్రాల మీద ఆధారపడుతుంది. మొక్క చక్కెర ఇస్తుంది, శిలీంధ్రం పోషకాలు తెచ్చిపెడుతుంది. ఈ బంధం ఎంత అవసరమో ప్యూర్టోరికో అనుభవం చెబుతుంది. అక్కడ నాటిన పైన్ మొక్కలు ఎదగక చచ్చిపోయేవి. 1950ల నడుమ బయటి పైన్ అడవుల నుంచి శిలీంధ్రాలున్న మట్టి తెచ్చి కలిపాకే నిలదొక్కుకున్నాయి. నేలలో నత్రజని, భాస్వరం దండిగా దొరికితే మొక్క ఆ శిలీంధ్రాలకు చక్కెర ఇవ్వడం తగ్గిస్తుంది. వేర్లు తక్కువ, తల ఎక్కువ అవుతుంది. వానలు ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. మొదటి ఎండాకాలంలో అంత ఆకుకు సరిపడా నీరు తెచ్చే వేర్లుండవు. ఆలస్యంగా వేసిన లేత చిగురు చలికాలంలో మంచుకు మాడుతుంది. మైనం సరిగా పట్టని ఆ లేత ఆకే కలుపు మందునూ ఎక్కువగా పీల్చుకుంటుంది. వీటన్నిటికన్నా ముందు ఆ ఎరువుతో లాభపడేది చుట్టూ ఉన్న గడ్డి. నాటిన తొలి ఏడాది పైన్‌కు నత్రజని వేయడమంటే చాలాసార్లు గడ్డిని మేపడమే.

ఎక్కువ కాలం సాగితే ఏమవుతుందో హార్వర్డ్ ఫారెస్ట్ ప్రయోగం చూపింది. 1988 నుంచి అక్కడి రెడ్ పైన్ తోటలో ఒక మడికి ఏటా హెక్టారుకు 150 కిలోల నత్రజని వేస్తూ వచ్చారు. 2002 నాటికి ఆ మడిలో సగానికి పైగా చెట్లు చనిపోయాయి. అవి ముదురు చెట్లు, లేత మొక్కలు కావు.

నెదర్లాండ్స్‌లోని పీల్ ప్రాంతంలో ఇలాంటి ప్రయోగాన్ని ఎవరూ తలపెట్టకుండానే చేసేశారు. 1980ల్లో అక్కడి పందుల, కోళ్ల ఫారాల నుంచి లేచిన అమోనియా పక్కనున్న కార్సికన్ పైన్ తోటల మీద వాలేది. ఆకుల్లో నత్రజని పెరిగి పొటాషియం, మెగ్నీషియం తగ్గాయి. కొసలను ఎండబెట్టే శిలీంధ్ర తెగులు విజృంభించింది. చెట్టును చంపింది తెగులే అయినా దానికి తలుపు తీసింది అమోనియా.

దక్షిణాసియాకు ఇది దూరపు సంగతి కాదు. వెచ్చని తడి నేల మీద పైపైన చల్లిన యూరియాలో గణనీయమైన భాగం అమోనియాగా గాలిలో కలుస్తుంది. దేశంలో ఏటా వాడే యూరియా సుమారు 3.5 కోట్ల టన్నులు. గాలిలో అమోనియా ప్రపంచంలోనే అత్యధికంగా ఉండే ప్రాంతాల్లో సింధు-గంగా మైదానం ఒకటని ఉపగ్రహ కొలతలు చూపాయి. ఆ మైదానానికి ఉత్తరపు అంచునే చిర్ పైన్ వాలులున్నాయి. నత్రజని వృథాను 2030 నాటికి సగానికి తగ్గించాలన్న కొలంబో ప్రకటన 2019లో వచ్చింది. మన దేశంలో యూరియాకు వేప పూత 2015లోనే తప్పనిసరి అయింది. అది నత్రజని నేలలో నైట్రేటుగా మారడాన్ని నెమ్మదింపజేస్తుంది. పైపైన చల్లినప్పుడు ఎగిరిపోయే అమోనియాను మాత్రం ఆపదు.

గాలి లేనప్పుడే ఎక్కువ ప్రమాదం

గాలి వీచేటప్పుడు మందు కొట్టకూడదని రైతులందరికీ తెలుసు. గాలి బొత్తిగా లేని వేళలూ ప్రమాదమేనన్నది తక్కువ మందికి తెలుసు. పొద్దుగూకాక నేల చల్లబడి, పైన వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. గడ్డి తగలబెడితే పొగ పైకి లేవకుండా నేల మీదే పరుచుకునే వేళ అది. అప్పుడు సన్నని తుంపర కింద పడదు, పోదు, గుంపుగా తేలి ఎటో జారుతుంది. 150 మైక్రాన్ల లోపు చుక్కలతోనే ఈ బెడద ఎక్కువ. పురుగుమందుకు వాడే సన్నతుంపర నాజిల్‌తో, తైవాన్ స్ప్రేయర్ ఒత్తిడితో కలుపు మందు కొడితే అలాంటి చుక్కలే వస్తాయి. ఎకరానికి 10 లీటర్ల లోపు నీటితో పనిచేసే డ్రోన్లదీ అదే ఇబ్బంది. 2,4-డిలో ఎస్టర్ రకం చల్లిన తర్వాత కూడా ఎండకు ఆవిరై లేస్తుంది. అమైన్, సోడియం లవణాలు అంతగా లేవవు. వరి, మొక్కజొన్న చేలలో కొట్టిన 2,4-డికి పక్క పొలంలో పత్తి ఆకులు చీలికలై ముడుచుకోవడం చూసిన తెలుగు రైతుకు పైన్ మెలిక కొత్తగా అనిపించదు.

నష్టం మందుదా తెగులుదా అని తేల్చడానికి ఒక్క మొక్కను కాక మొత్తం వరుసను చూడాలి. చేను వైపు మొక్కలు ఎక్కువగా, లోపలివి తక్కువగా దెబ్బతిని, అదే వరుసలో కలుపు, తీగలు, వేరే చెట్లు కూడా వంకర పోతే అది మందే. ఒకే జాతికి అక్కడక్కడా సోకి, ఆకుల మీద నల్లని చుక్కలు లేస్తే తెగులు. గాలి మోసిన మందు కొద్ది వారాల్లో ఆకుల్లో కనిపించనంతగా తగ్గిపోవచ్చు. కాబట్టి నమూనా, ఫొటోలు, ఆ రోజు గాలి దిశ వెంటనే నమోదు చేసుకోవాలి. పురుగుమందుల నియంత్రణకు ఉన్న 1968 చట్టంలో పక్క పొలం నష్టానికి పరిహారం ఇప్పించే ఏర్పాటు లేదు. రైతుకు మిగిలేది సివిల్ కోర్టు, అక్కడ అడిగేది ఈ ఆధారాలే. 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్ వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసినా, పొలం గట్టు దగ్గర దాన్ని అమలు చేయించేవారు అరుదు.

దెబ్బతిన్న మొక్కను చూసి కంగారుగా ఎరువు వేయడం సాధారణంగా జరిగే తప్పు. దెబ్బతిన్న వేరుకు అది మరో బరువు. నీరు పెట్టి, మొదలు చుట్టూ మీటరు మేర గడ్డిని చేత్తో తీసి, ఆకు చెత్త పరిచి వదిలేయాలి. కొమ్మలు కొట్టేయడానికి తొందరపడకుండా మరుసటి చిగురు దాకా చూడాలి. నడిమి చిగురు చచ్చిందని రూఢి అయితే పక్క కొమ్మల్లో నిటారుగా ఉన్న ఒక్కదాన్ని ఉంచి మిగతావి తగ్గిస్తే మాను ఒక్కటిగా లేస్తుంది. ఇంప్రెలిస్ లాంటి, నేలలో, కట్టెలో ఎక్కువ కాలం నిలిచే మందు తగిలిన చెట్టు చెత్తను మాత్రం కంపోస్టులో వేయకూడదు. ఆ కంపోస్టు చేరిన మడిలో తర్వాత వేసే మొక్కలూ దెబ్బతింటాయి.