నమలి పిల్లి నుంచి బెంగాల్ పిల్లి దాకా

1846లో జెర్డాన్ అనే దొర డాక్టరుకు ఎవరో ఒక మచ్చల పిల్లికూనను తెచ్చిచ్చారు. అప్పటికది బాగా పసిది. థామస్ జెర్డాన్ మద్రాసు రాజధానిలో ప్రభుత్వ వైద్యుడు, నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన మనిషి. ఆ కూన ఆయన ఇంట్లో ఇట్టే మచ్చికైంది. చూసినవాళ్లందరికీ అదంటే ముద్దే. బంగళా వాసాల మీదికెక్కి ఉడతల్ని వేటాడేది. ఎనిమిది నెలలప్పుడు, ఒక జింకపిల్ల ఉన్న గదిలోకి దాన్ని వదిలారు. కనపడగానే ఎగిరి జింకపిల్ల మెడ పట్టేసింది. విడిపించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఈ సంగతంతా 1867లో అచ్చయిన తన 'మామల్స్ ఆఫ్ ఇండియా'లో జెర్డానే రాసిపెట్టాడు.

తెలుగువాళ్లు దాన్ని 'నమలి పిల్లి' అంటారని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. నమలి అంటే నెమలే. అంత అందమైన పేరు పెట్టుకున్న పిల్లిని మనం మరిచిపోయాం. బూడిద రంగు ఒంటి మీద తుప్పురంగు చుక్కలు, నుదుటి మీద తెల్లని గీతలు. బరువు కిలో, మహా అయితే కిలోన్నర. మన ఇంటి పిల్లిలో సగం ఉంటే గొప్ప. ప్రపంచంలోని అతి చిన్న పిల్లుల్లో ఇదొకటి. ఎండిన చెరువుల గడ్డిలో, తుప్పల్లో, ఒక్కోసారి ఊళ్ల పక్కన తూముల్లో కూడా ఉంటుందని జెర్డాన్ రాశాడు.

అమరావతి స్తూపాన్ని 1845లో తవ్వించిన వాల్టర్ ఎలియట్ పేరు మన గుంటూరు సీమలో చాలామందికి తెలుసు. నమలి పిల్లికీ ఇంటి పిల్లికీ పుట్టిన సంకరాలను తాను చూశానని ఆయన చెప్పాడు. తానూ చూశానని జెర్డాన్ అన్నాడు. అడవి మచ్చల పిల్లి ఇంటి పిల్లితో కలవగలదన్న మాట మన తెలుగు నేల ఎరిగిన ఇద్దరి నోట పందొమ్మిదో శతాబ్దంలోనే వచ్చిందన్నమాట. దాన్నెవరూ పట్టించుకోలేదు. ఆ పని ఇంకో పిల్లితో, ఇంకో ఖండంలో, వందేళ్ల తర్వాత జరిగింది.

ఆ ఇంకో పిల్లి చిరుతపిల్లి. మన దేశపు అడవుల్లోనూ ఉంది. 1792లో రాబర్ట్ కెర్ అనే శాస్త్రవేత్త బెంగాల్ ప్రాంతపు పిల్లిని వర్ణించి 'బెంగాలెన్సిస్' అని పేరు పెట్టాడు. చిరుతపిల్లికీ ఇంటి పిల్లికీ పుట్టిన ఈనాటి బెంగాల్ పిల్లి జాతికి ఆ పేరు అక్కణ్ణుంచే వచ్చింది. 1960ల మొదట్లో అమెరికాలోని అరిజోనాలో జీన్ అనే ఆవిడ ఒక ఆడ చిరుతపిల్లిని ఇంట్లో పెంచింది. దానికి తోడుగా ఉంచిన నల్లపిల్లితో అది కలిసి కూనల్ని కన్నది. అప్పటికది అక్కడితో ఆగిపోయింది. తర్వాత కాలిఫోర్నియాలో విల్లార్డ్ సెంటర్‌వాల్ అనే డాక్టరు, పిల్లులకు వచ్చే లుకేమియా మీద పరిశోధన కోసం ఇలాంటి సంకర కూనల్ని పుట్టించాడు. పనయ్యాక వాటికి ఇల్లు కావాల్సి వచ్చింది. అప్పటికి జీన్ మిల్‌గా మారిన ఆవిడే కొన్నిటిని తెచ్చుకుని జాతి కట్టడం మొదలుపెట్టింది.

నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఢిల్లీలో ఉంది. జీన్ మిల్ మన దేశం వచ్చినప్పుడు, ఢిల్లీ జంతు ప్రదర్శనశాలలో ఖడ్గమృగం ఆవరణలో తిరుగుతున్న ఒక ఊరపిల్లి ఆమె కంటబడింది. బంగారు రంగు ఒళ్లు, దాని మీద చక్కని మచ్చలు. యజమాని లేడు, వంశం తెలియదు. దాన్ని అమెరికా తీసుకుపోయి 'టోరీ ఆఫ్ ఢిల్లీ' అని పేరు పెట్టి తన పిల్లులతో కలిపింది. ఇవాళ బెంగాల్ పిల్లి వెంట్రుకల కొసల్లో మెరిసే మెరుపు ఈ ఢిల్లీ పిల్లి నుంచే వచ్చిందని పెంపకందార్ల నమ్మకం. 1991లో అంతర్జాతీయ పిల్లుల సంఘం టికా ఈ జాతికి పోటీల్లో పూర్తి స్థానం ఇచ్చింది. 2024లో వెలువడిన ఒక జన్యు పరిశోధన ప్రకారం, నేటి బెంగాల్ పిల్లుల్లో చిరుతపిల్లి వాటా సగటున మూడు నాలుగు శాతమే. మిగిలిందంతా ఇంటి పిల్లే. 'చిన్న చిరుతపులి' అని చెప్పి అమ్మేవాళ్ల మాట పట్టించుకోకండి.

ఇప్పుడు బెంగాల్ పిల్లికూన మా కారంచేడు లాంటి ఊళ్లో గడపెక్కితే ఏం చేయాలి? ముందు కొనేచోట చూడాల్సింది: అడవి తాత నుంచి కనీసం నాలుగు తరాలు దాటి ఉండాలి. తొలి తరాల పిల్లులు ఇంట ఇమడవు. తల్లి దగ్గర పన్నెండు వారాలు పెరిగిన కూననే తెచ్చుకోవాలి. మరొకటి, నెల దాటిన కూన ఒంటి మీద పొడుగాటి బొచ్చు లేచి మచ్చలు మసకబారిపోతాయి. మోసపోయామని కంగారుపడొద్దు. నాలుగైదు నెలలకు మచ్చలు మళ్లీ తేలతాయి. అడవిలో కూనను దాచే ముసుగు అది.

మన ఇళ్లలో పిల్లికి పెట్టింది పెరుగన్నం, పాలబువ్వ. మిగతాది అదే గాదెల దగ్గర ఎలుకల్ని పట్టుకుని తినేది కాబట్టి సరిపోయింది. ఇంట్లో కట్టడిగా పెరిగే కూనకు అది చాలదు. పిల్లికి మాంసమే తిండి. మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం లోపిస్తే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. ఆవు పాలు, గేదె పాలు చాలా కూనలకు పడవు, విరేచనాలు పట్టుకుంటాయి. కూనల కోసం చేసిన మేత పెట్టండి. అప్పుడప్పుడు ఉడికించిన కోడిమాంసం, చీరాల ఓడరేవు నుంచి వచ్చే చేపను ముళ్లు తీసి, ఉప్పూ కారం లేకుండా పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముట్టనివ్వకండి. జ్వరమని పారాసిటమాల్ ముక్క వేయడం ప్రాణాలు తీయడమే.

టీకాల దగ్గర బద్ధకించొద్దు. పాన్‌ల్యూకోపీనియా కూనల్ని రోజుల్లో తుడిచిపెట్టే జబ్బు. ఎనిమిదో వారం నుంచి పదహారో వారం దాకా విడతలుగా టీకాలు, పన్నెండు వారాలు దాటాక రేబిస్ టీకా వేయించాలి. ఊరి పశువైద్యశాలలో గేదెలకే ఎక్కువ సరంజామా ఉంటుంది. అక్కడ కుదరకపోతే గుంటూరుకో, గన్నవరం పశువైద్య కళాశాలకో వెళ్లండి. గోడకు ఎత్తులో పలకలు కొట్టండి, ఆడుకోను నీళ్ల గిన్నె పెట్టండి, కిటికీలకు వల బిగించండి. ఈడు రాకముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి.

ఇక మన అడవి మచ్చల పిల్లుల మాట. నిజాంపట్నం వైపు మడ అడవుల్లో చేపలు పట్టే బావురుపిల్లి ఉంది. దానికీ మచ్చలే. 1972 వన్యప్రాణి చట్టం బావురుపిల్లినీ చిరుతపిల్లినీ నమలి పిల్లినీ మొదటి షెడ్యూలులో ఉంచింది. వాటి కూనను ఇంట పెంచడం నేరం. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. అడవి తల్లీ అంతే, పొద వెనక పొద మారుస్తుంది. చేలో మచ్చల కూన ఒంటరిగా కనిపిస్తే అది అనాథని అనుకోకండి. చేయి వేయకుండా, కుక్కల్ని దూరంగా తోలి పక్కకు తప్పుకోండి. రాత్రికి తల్లి వస్తుంది. మర్నాటికీ రాకపోతే అటవీశాఖకు కబురు పెట్టండి, ఇంటికి మాత్రం తేకండి.