గాలి సోకిందన్నారు

నేను అనంతపురం జిల్లా పల్లెల్లో ఏఎన్‌ఎమ్‌గా పనిచేసి రిటైరైనదాన్ని. 1984-85లో మా జిల్లాలో ఆడవాళ్ల చావుల గురించి పల్లెపల్లెనా ఆరా తీశారు. లక్ష జననాలకు దాదాపు 800 మంది తల్లులు పోతున్నారని తేలింది.

అప్పట్లో కాన్పంటే ఇంట్లోనే. మంత్రసాని చెయ్యి మంచిదే. కానీ మాయ పడక, నెత్తురు ఆగకపోతే ఆమె మాత్రం ఏం చేయగలదు? నులకమంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకుంటూ రోడ్డెక్కేవారు. బస్సు వచ్చేసరికి కింద పరిచిన పాతచీరలు తడిసి ముద్దయ్యేవి. అలా రక్తం పోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. అందులోనూ ముందే ఒంట్లో రక్తం లేని మనిషి! ఊళ్లో మాత్రం గాలి సోకిందనేవారు. అలా అనేశాక ఇక కారణం అడిగేవాళ్లుండరు.

కాన్పయ్యాక చీము పట్టి, జ్వరంతో పోయినవాళ్లున్నారు. గర్భస్రావాన్ని అనుమతిస్తూ 1971లోనే చట్టం వచ్చినా, దొంగచాటుగా కడుపు తీయించుకుని పోయినవాళ్లూ ఉన్నారు.

2005లో 108 అంబులెన్సు వచ్చింది, ఆసుపత్రి కాన్పులు పెరిగాయి. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో తల్లుల చావుల లెక్క లక్ష జననాలకు 45కి దిగింది. ఇది చిన్న విజయం కాదు.

అయితే ఒంటికి నిప్పంటుకుని, పురుగుమందు తాగి పోయిన కోడళ్లు ఈ లెక్కలోకి రారు. వాళ్ల వయసూ అదే, వాళ్లవీ అవే పల్లెలు. ఆ చావులకూ ఇంటింటికీ వెళ్లి కారణం అడగండి.